కార్తీకంలో ఉరిమిన గిటారు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ ఒక కళ్లంలో పోసి తూర్పారబడితే, పొల్లంతా గాలికి పోయి ఒక్క గట్టిగింజ మిగులుతుంది. అది గిటారు పని. ఊరు ఊరంతా మొదట ఆకాశం కేసి చూసి, ఆనక నా కేసి చూసిన పని. మొదటి చూపులో భయం ఉండింది. రెండో చూపులో ఏముండిందో మీరే చదువుకోండి.

అప్పట్లో మేం పామిడిలో ఉండేవాళ్ళం. నాయనకు బట్టలంగడి. డిగ్రీ అయిపోయిన నాకు గిటారు, కంప్యూటరు, కావలసినంత తీరిక ఉండేవి. గిటారుకు తగ్గ ఆంప్లిఫయరు మాత్రం లేదు. మంచిది కొనాలంటే అంగడి అమ్ముకోవాల. అందుకని బెంగళూరు నుంచి ఒక సీడీ తెప్పించుకున్నాను. అందులో ఒక సాఫ్ట్‌వేరు. ఆంప్లిఫయరు లేకపోయినా ఉన్నట్టు నటించడమే దాని ఉద్యోగం. గిటారు వైరును కంప్యూటరు వెనక గుచ్చితే తెర మీద ఆంప్లిఫయరు బొమ్మ వస్తుంది. ఆ బొమ్మకు గుండీలు. వాటిని తిప్పితే గిటారు గొంతు నిజంగానే మారిపోతుంది.

ఎన్ని రకాలనుకున్నారు! ఇంగ్లండుది పొగమంచు పట్టినట్టు మోగుతుంది. అమెరికాది గాజుగ్లాసులో చన్నీళ్ళు పోసినట్టు మోగుతుంది. దానికి స్పీకరు ఎంచుకోవాల, స్పీకరు ముందు మైకు ఎంత దూరంలో పెట్టాలో ఎంచుకోవాల, ఆఖరికి ఇవన్నీ ఎట్లాంటి గదిలో ఉన్నాయో కూడా మనమే ఎంచుకోవాల. నేను ఎప్పుడూ పాత కోటనే ఎంచుకునేవాణ్ణి. బయట పెన్నలో ఇసుక తప్ప ఏమీ పారేది కాదు. నా చెవుల్లో మాత్రం కోటగోడల మీద నుంచి నీళ్ళు కారుతుండేవి. ఫ్యాను వేస్తే గిటారులో జుయ్యిమని రొద. కాబట్టి ఫ్యాను ఆపేసి, చెమటలో నానుతూ, మంచుకొండల్లో తిరిగేవాణ్ణి. అంతలో కరెంటు పోయేది. కరెంటుతో పాటు ఇంగ్లండూ పోయేది. మిగిలేది మా మిద్దెగది, నేను.

సాఫ్ట్‌వేరులో పెడళ్ళు కూడా ఉన్నాయి గానీ, బొమ్మ పెడలును కాలితో తొక్కలేం కదా! అందుకని పాతవే రెండు నిజం పెడళ్ళు తెచ్చుకున్నాను. ఒకటి తొక్కితే గిటారు గొంతు గరగరమంటుంది. రెండోది తొక్కితే వాయించిన ముక్కే కొండకు తగిలి తిరిగొచ్చినట్టు మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. నాయన వాటిని తిరగేసి మరగేసి చూసినాడు.

"ఏందిరా ఇవి?"

"పెడళ్ళు నాయనా."

"మిషను యాడ?"

"వీటికి మిషను ఉండదు. తొక్కితే శబ్దం మారుతుంది."

మా ఊర్లో పెడలు అంటే కుట్టుమిషనుది. నాయన వాటిని నా చేతిలో పెట్టి, "ఈ ఊర్లో పెడలు తొక్కేటోళ్ళంతా నైటీలు కుట్టి సంసారాలు ఈడ్చుకొస్తాండారు. నువ్వు తొక్కి ఏం కుడతావో కుట్టప్పా, సూస్తా" అన్నాడు.

ఇన్ని ఎంచుకున్నావు, పాటేదీ అని మీరు అడగవచ్చు. అడగొద్దు. గుండీ మీద గుండీ తిప్పుతూ నెలలు గడిపినాను గానీ పాట ఒక్కటీ రికార్డు చెయ్యలేదు.

ఆ సమయంలో వచ్చినాడు ఓబులప్ప మామ. అమ్మకు అన్న. బెళుగుప్ప పక్క పల్లెలో చెనిక్కాయల సేద్యం, అదే వేరుశనగ. ఆ ఊరి చెక్కభజన జట్టుకు పెద్ద గొంతు. అంతకన్నా ముఖ్యం, సుజాతకు నాయన. సుజాత సంగతి నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అయినా అందరికీ తెలుసు.

"అల్లుడా," అన్నాడు మామ, "ఏటేటా ఊరి దేవుని పరసలో, ఆ జాతర జనంలో పాడీ పాడీ నా గొంతు బొంగురుపోతాంది. పాడాల్నా, ఎగరాల్నా? నీ కంప్యూటర్లో ఒక్కసారి పాడిచ్చి పెట్టుకుంటే, పాడేది అది పాడుతాది, ఎగిరేది నేను ఎగురుతా. అయితాదా?"

"ఎందుకు కాదు మామా!"

"గొంతు, డోలు, చెక్కలు. ఈ మూడూ ఇనపడితే సాలు. పాట బాగొస్తే..." అని వంటింటి వైపు చూసి గొంతు తగ్గించినాడు. "పరస అయిపోయినాక మీ నాయనతో నీ ఇసయం కూచోని మాట్లాడతా."

నా విషయమంటే సుజాత విషయమే! ఆ మాట నా తలకాయలో పాతకోటలో మోగినట్టు చాలాసేపు మోగింది.

మామ జట్టు వచ్చి మా మిద్దె మీద పాడినారు. ఏమి గొంతు! ఎండలో తడి మట్టి వాసన వచ్చినట్టు ఉండింది. దాన్ని అట్లే వదిలిపెట్టి ఉంటే ఈ కథ లేదు. కానీ నాకు మధ్యలో ఒక కల వచ్చింది. మామ గొంతు మొదలయ్యే ముందు నా గిటారు. పొగమంచులో నుంచి మెల్లగా, కొండల వెనక నుంచి వచ్చినట్టు, లావు తీగ మీద ఒక్క పెద్ద దెబ్బ. ఆ దెబ్బ దొర్లుకుంటూ దొర్లుకుంటూ పోవాల. మధ్యలో మామ ఊపిరి తీసుకునే చోట మళ్ళీ ఒకటి. వింటూ ఉన్న సుజాత కళ్ళు మూసుకోవాల.

ఇంగ్లండు ఆంప్లిఫయరు, పాతకోట, రెండు పెడళ్ళూ కలిపి తొక్కి ఆ దెబ్బ కొట్టినాను. తిరిగి పెట్టి వింటే లోతు చాలలేదు. లోతు పెంచేది బాసు గుండీ, దాన్ని పెంచినాను. ఊహూఁ. ఇంకా పెంచినాను. గుండీ ఇంక తిరగనని మొండికేసిన దాకా పెంచినాను. ఇప్పుడు చెబుతాను వినండి: నేను వింటూ ఉండింది కంప్యూటరు పక్కన పెట్టుకునే అగ్గిపెట్టెల్లాంటి స్పీకర్లలో. బాసు వినిపించడం వాటి తాతకు కూడా చాతకాదు. లోపల ఎంత బాసు పోస్తున్నానో తెలియకుండా, అడుగు చిల్లిపడిన కడవలో నీళ్ళు పోసినట్టు పోస్తూ పోయినాను.

పాటను సీడీలోకి ఎక్కించుకుని, పరస నాడు సాయంత్రం మామ వాళ్ళ ఊరికి పోయినాను. కార్తీకమాసం. పీకిన చెనిక్కాయలు కళ్లాల్లో, రోడ్డు మీద, మిద్దెల మీద ఆరబోసి ఉన్నాయి. ఊరికి ఊరే చెనిక్కాయల మీద తేలుతున్నట్టు ఉండింది. ఆ దినాల్లో చినుకు పడితే ఏడాది కష్టం బూజుపడుతుంది. మైకుసెట్టు బాషా మనిషెత్తు నల్లపెట్టెలు నిలబెట్టి, సీడీ తీసుకుంటూ, "శీనన్నా, కొత్త పెట్టెలు. చిన్నగా దగ్గినా గుండెలు అదురుతాయి" అని మురిసిపోయినాడు. నేనూ మురిసిపోయినాను. ఎంత అమాయకులమో చూడండి.

చెక్కలు పట్టుకుని జట్టు గుండ్రంగా నిలబడింది. మామ ఎర్రని నడికట్టు బిగించినాడు. సుజాత ఆడవాళ్ళ మధ్యలో కూర్చుని ఉంది. బాషా మీట నొక్కినాడు.

ఉరిమింది.

నేను అనుకున్నదీ, కలగన్నదీ కాదు. నిజంగా ఉరిమింది. నేల అదిరి, కొండకు తగిలి, దొర్లుకుంటూ తిరిగొచ్చింది. మొదట తేరుకున్నది మామే.

"ఉరిమిండాది రా! పట్టలు! పట్టలు ఎత్తుకరాండ్రా!"

చెక్కలు ఎక్కడివక్కడ పడినాయి. కట్టిన గజ్జెలతోనే మగవాళ్ళు కళ్లాలకు పరుగు. ఆడవాళ్ళు కొంగులు దోపి మిద్దెలెక్కినారు. టార్పాలిన్ పట్టలు గాలికి ఏనుగు చెవుల్లా ఊగినాయి. ఖాళీ అయిన ఆ గుండ్రంలో నేనూ, బాషా, ఒక దూడా మిగిలినాం. ఎవరూ వినని చోట మామ గొంతు హాయిగా పాడుకుంటూ పోతాంది. దూడ మాత్రం చెవి నిక్కించి వినింది.

రాసులన్నీ కప్పి, ఊరంతా తలెత్తి చూసింది. పైన మబ్బన్నదే లేదు. దూదిపింజంత తెల్లటిది ఒకటి దారి తప్పినట్టు పోతాంది, అంతే. అందరూ కలలో ఉన్నట్టు నిలబడి దాన్నే చూస్తుంటే, పాటలో మామ ఊపిరి తీసుకునే చోటు వచ్చింది.

మళ్ళీ ఉరిమింది.

ఈసారి తలలు ఆకాశం నుంచి మెల్లగా దిగి నల్లపెట్టెల మీదికి, పెట్టెల మీద నుంచి నా మీదికి వచ్చినాయి. మామ గజ్జెలు ఘల్లుఘల్లుమంటుండగా నా దగ్గరికి నడిచి వచ్చినాడు.

"ఏమప్పా అల్లుడా, ఇది నువ్వేనా?"

"గిటారు మామా. పాతకోటలో..."

"ఏ కోటో నాకు తెల్దు గానీ, విత్తనమేసి మేమంతా మబ్బుకు మొగాలు పెట్టుకోని కూచున్నప్పుడు యాడికి పోయింటివి? అప్పుడు ఉరిమింటే నీకు గుడి కట్టింటిమి కదప్పా!"

వెనక నుంచి సుజాత గొంతు వినిపించింది. తిరిగి చూస్తే కళ్ళు మూసుకునే ఉంది. నవ్వు ఆపుకోలేక మూసుకుంది.

"బావా, వాన పెట్టల్యా దాంట్లో?"

ఆ రాత్రికి మామ బొంగురుగొంతుతోనే పాడుకున్నాడు. నా విషయం మా నాయనతో మాట్లాడలేదు. నెలలు గడిచినాయి. ఆఖరికి మాట్లాడింది సుజాతే. "ఇంత నవ్విచ్చేటోడు మళ్ళా దొరకడు నాయనా" అనిందట. మామకు ఒప్పుకోక తప్పలేదు.

కానీ వదిలిపెట్టినాడా? ఏ చుట్టం కనపడినా ఈ కథే. మా పెళ్లి పందిట్లో చెప్పినప్పుడు ఒట్టి ఉరుమే. మా పాపకు పేరు పెట్టేనాటికి మెరుపు కూడా చేరింది. ఇంకో ఏడాదికి పిడుగు పడి కొబ్బరిచెట్టు కాలింది. ఆ ఊర్లో కొబ్బరిచెట్టే లేదు!

మొన్నామధ్య మళ్ళీ చెనిక్కాయల కాలంలోనే పోయినాం. మామ వాకిట్లో తూర్పుకు తిరిగి మంచం మీద కూర్చుని, వచ్చిన చుట్టాలకు కథ అందుకున్నాడు. నేనూ సుజాతా మిద్దె ఎక్కి చూస్తే, ఇంటి వెనక పడమటి దిక్కు నుంచి నల్లగా లేస్తాంది మబ్బు. గబగబా దిగి, ఇద్దరం పెరటి కళ్లంలో రాసి మీద పట్ట కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టినాం. తిరిగొచ్చేసరికి ఉరిమింది. చుట్టాలు లేచినారు.

"కూచోండప్పా, భయపడాకండి!" మామ చేయి ఊపినాడు. "మా అల్లుడే. లోపల పెడలు తొక్కుతాండాడు."

గిటారు మా ఇంట్లో, సంచిలో, గోడకు వేలాడుతా ఉంది. నేను తలుపు దగ్గర ఉన్నాను.

"చెప్పు బావా నాయనకు," అంది సుజాత, నవ్వు బిగపట్టి.

"చెబుతా. పెద్దాయన కథ మధ్యలో అడ్డం పోతే మర్యాదగా ఉండదు."

ఇంకోసారి ఉరిమింది. చుట్టాలు ఒక్కొక్కరే జారుకుని చూరు కిందికి చేరినారు. మామ మాత్రం మంచం దిగలేదు. "సూడండి, అచ్చం ఉరిమినట్టే ఉంటాది" అంటున్నాడు. అప్పుడే దబదబా పడింది వాన. తడిసి ముద్దయి, మీసాల నుంచి నీళ్ళు కారుతుంటే మామ నా కేసి తిరిగి అన్నాడు:

"అయితే అల్లుడా, ఈసారి వాన గూడా పెట్టినావే!"

ఇందుమూలంగా పాఠకుల ఎదుట, ఆంప్లిఫయరు మీద చెయ్యి పెట్టి (ఆంప్లిఫయరు ఇప్పటికీ లేదు, కాబట్టి దాని బొమ్మ మీద చెయ్యి పెట్టి) ప్రమాణం చేస్తున్నాను: చెనిక్కాయలు ఆరుతున్నన్ని దినాలు బాసు గుండీ ముట్టను, పాతకోట గడప తొక్కను, పెడలు అసలే తొక్కను. ఉరిమితే మొదట పట్ట అందుకుంటాను. ఆ నాడు కూడా అదే చేసినాను కదా. చెనిక్కాయల మీద కప్పినాను.

మామ మీద కప్పలేదు.