సెలవుల్లో పై అంతస్తు

నాందేడ్‌లో డిగ్రీ మొదటి ఏడాది అయిపోయాక నేను ఎండాకాలం సెలవులకు ఇంటికి పోలేదు. నా ఫీజు స్కాలర్‌షిప్ కింద కట్టారు, హాస్టల్ కూడా ఉచితమే. చేతి ఖర్చులు మాత్రం నేనే చూసుకోవాలి. అందుకు ‘కమవా ఆణి శికా’ అని ఒక పథకం ఉండేది. సంపాదించుకో, చదువుకో అని దాని అర్థం. ఆ సెలవుల్లో నాకిచ్చిన పని హాస్టల్ మొక్కలకు నీళ్లు పెట్టడం. హిమాయత్‌నగర్ దగ్గర పత్తి చేలల్లో పెరిగినదాన్ని, నాకది పనిలాగే అనిపించలేదు.

అమ్మాయిలంతా వెళ్లిపోయాక అంత పెద్ద భవనంలో నేను, గేటు దగ్గరి గదిలో మావషి మిగిలాం. హాస్టల్ పనులు చూసే ఆడవాళ్లను అక్కడ మావషి అనే పిలుస్తారు. ఈమెది ఉమ్రి వైపు, ఇంట్లో తెలుగే. మొదటి రోజే నాతో అంది: “పై కుండీలకు నేను పోస్త బిడ్డా. నువ్వు మీదికి రాకు. నల్లా బందున్నది, ఆడ ఎవ్వరు లేరు.”

మధ్యాహ్నాలు నడుం వాలిస్తే పైనుంచి సన్నగా గొణుగుడు వినిపించేది. మాటలు తెలిసేవి కావు. కంఠతా పట్టేవాళ్లలాగా కొంత చెప్పి, ఆగి, మళ్లీ మొదటినుంచి అందుకునేది ఆ గొంతు. మావషిని అడిగితే, “గాలికి కిటికీలు కొట్టుకుంటయ్” అంది. ఆ రోజుల్లో ఆకు కదిలేంత గాలి కూడా లేదు.

ఒకరోజు మావషి బజారుకు బయలుదేరింది. ఆమె గేటు దాటగానే నేను బకెట్‌తో నీళ్లు తీసుకుని మెట్లెక్కాను.

వరండాలో తడి పాదాల గుర్తులున్నాయి. స్నానాల గది నుంచి వచ్చి, చివరి గది తలుపు దగ్గర ఆగిపోయాయి. ఆ తలుపుకు బయట తాళం వేసి ఉంది. నేను చూస్తుండగానే ఒక్కో పాదం అంచుల నుంచి ఆరిపోతూ మాయమైంది.

“కోణ్ ఆహే?” అని మరాఠీలో అడిగాను. లోపల ఎవరో ఊపిరి బిగబట్టినట్టు అనిపించింది. భయానికి నా నోట తెలుగే వచ్చింది. “ఎవరున్నరు లోపట?”

తలుపుకు ఆనుకుని, సరిగ్గా నా ముఖం ఎత్తులో, ఒక గొంతు నా పేరు పలికింది.

బకెట్ వదిలేసి కిందికి పరుగెత్తాను. మావషి వచ్చేదాకా గేటు దగ్గర ఎండలోనే నిలబడ్డాను. ఆమె నా ముఖం చూసింది. నన్ను పైకి తీసుకుపోయి తాళం తీసింది.

లోపల అల్మారాకూ కిటికీకీ మధ్య, గోడకు అతుక్కున్నట్టు ఒక సన్నటి అమ్మాయి నిలబడి ఉంది.

“దీని అమ్మనాయన ఇటుక బట్టీకి పోయిండ్రు,” అంది మావషి. “ఊళ్లె ఇంటికి తాళం. కాయితాలు తక్కువున్నయని స్కాలర్‌షిప్ రాలే, హాస్టల్ల పేరు తీసేసిండ్రు. యాడికి పోతది? హాస్టల్ రెక్టర్ మేడం చూస్తదని బయటికెల్లి తాళమేస్తున్న. ఇయ్యాల గూడ తానం చేసొచ్చినంక తాళమేసే బజారుకు పోయిన.”

“నా పేరెట్ల తెలుసు?” అని ఆ అమ్మాయిని అడిగాను.

“మనది ఒక్కటే క్లాసు,” అంది. “నువ్వు మూడో బెంచిల కూసుంటవు. నేను నీ ఎనుక బెంచే.”

ఏడాది పొడుగునా ఒకే గదిలో కూర్చున్నాం. ఎంత వెతికినా ఆ ముఖం నా జ్ఞాపకంలో దొరకలేదు.

అప్పటినుంచి ఇద్దరం కలిసే తిన్నాం. అయినా నా భయం పూర్తిగా పోలేదు. అడుగుల చప్పుడు చేయకుండా నడవడం ఆమెకు అలవాటైపోయింది. అన్నం వడ్డిస్తూ తల తిప్పితే, రాలేదనుకున్న మనిషి పక్కనే ఉండేది.

కాలేజీ తెరిచాక ఇద్దరం వెళ్లి మా డిపార్ట్‌మెంట్ మేడంకు చెప్పాం. మేడం బట్టీ నుంచి ఆ అమ్మాయి తండ్రిని పిలిపించి, తహసీల్ ఆఫీసులో ఆదాయం సర్టిఫికెట్ తీయించింది. రెక్టర్‌తో మాట్లాడి నా గదిలోనే మంచం ఇప్పించింది. స్కాలర్‌షిప్ మంజూరైంది, కానీ డబ్బు పడాలంటే హాజరు సరిపోవాలి.

క్లాసులో సార్ ఆ అమ్మాయి పేరు పిలిచేవారు. నా పక్కనే కూర్చుని ఆమె “హజర్” అనేది. నాకే సరిగా వినపడేది కాదు. సార్ తలెత్తి మా బెంచీ వైపు చూసి, గైర్హాజరు వేసి తర్వాతి పేరుకు పోయేవారు. నేను లేచి చూపిస్తే, అప్పుడే అక్కడ మనిషి పుట్టినట్టు ఉలిక్కిపడి దిద్దేవారు.

“జర గట్టిగ చెప్పరాదు?” అనేదాన్ని.

“గట్టిగనే చెప్పిన గదా,” అనేది, నిజంగానే ఆశ్చర్యపోతూ.

సాయంత్రాలు డాబా ఎక్కి “హజర్” అని మొత్తుకోమనేదాన్ని. కింద గేటు దగ్గర కూర్చున్న మావషి “ఇనవడలే!” అని అరిచేది. ఆమె మళ్లీ చెప్పేది. కొన్నాళ్లకు మావషి “ఇనవడ్డది” అంది.

వానలు పడుతుండగా ఆమె ఖాతాలో డబ్బు పడింది. ఆ వారంలోనే ఒకరోజు, సార్ పేరు పిలవగానే ఆమె లేచి నిలబడి “హజర్” అంది. క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది.

ముందు బెంచీ అమ్మాయి నా వైపు వంగి, “నవీన్ ఆలీ కా?” అంది. కొత్తగా చేరిందా అని.

నేను కాదన్నాను. నా పక్కన నిలబడ్డ ఆమె మాత్రం నవ్వి, అవునన్నట్టు తలూపింది.