ఏ రోజో చెప్పమన్న మేడమ్

ఆదివారం పొద్దున నాచారం నుంచి ఫోన్ వచ్చింది. మేడమ్ చెల్లెలు. "బిడ్డా, మా అక్క లేస్తలేదే" అంది. నేను పోయేసరికి డాక్టరు వచ్చి వెళ్లిపోయాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని చెప్పాడట. మంచం పక్కన స్టూలు మీద కళ్లద్దాలు, వాటి కింద ఎవరో విద్యార్థి థీసిస్ సగం దిద్ది ఉంది. ఎర్ర పెన్నుకు మూత లేదు. మంచం కింద వెతికి ఆ మూత పెట్టాను. అంతకు మించి ఏం చేయాలో నాకు తోచలేదు.

పేపర్లో చిన్న వార్త వేశారు. క్యాన్సర్ కణాల గుట్టు విప్పడానికి ముప్పై ఏళ్లు కష్టపడిన శాస్త్రవేత్త అని రాశారు. అబద్ధమేమీ కాదు. కానీ ఇంట్లో పచ్చడి సీసా మీద కూడా తారీఖు రాసి చీటీ అంటించే మనిషి అని ఎవరూ రాయలేదు. అవన్నీ చూసిన దాన్ని నేను. ఉప్పల్‌లోని ఆమె ల్యాబులో పద్నాలుగేళ్లుగా టెక్నీషియన్‌గా ఉన్నాను. ఆమె గురించి రాయాలంటే నేను చేసిన ఒక తప్పు గురించి కూడా రాయాలి. అది వదిలేసి రాస్తే మేడమ్ మొత్తం కొట్టేసి మళ్లీ రాయమనేవారు.

బీఎస్సీ అయ్యాక నాచారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పెట్టెలకు లేబుళ్లు అంటించేదాన్ని. అక్కడి నుంచే మేడమ్ దగ్గరికి ఇంటర్వ్యూకు పోయాను. అంతా ఇంగ్లీషులో అడుగుతారని రాత్రంతా బట్టీ పట్టాను. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "మీ ఇంట్ల కాలింగ్ బెల్లున్నదా?"

ఉందన్నాను.

"బటన్ లోపలికి ఇరుక్కుపోయిందనుకో. ఏమైతది?"

"మోగుతనే ఉంటది మేడమ్."

"గంతే. ఎదుగు అని కణానికి బయటికెల్లి కబురొస్తది. ఆ కబురు ఆగకపోతే క్యాన్సర్. మామూలు మందు ఇల్లంత కరెంటు తీసేస్తది. మనం ఆ ఒక్క బటన్ వైరు ఏదో పట్టుకోవాలె. ఎప్పుడొస్తవ్ పనికి?"

నేను బట్టీ పట్టిందంతా గంగలో కలిసింది. సోమవారం నుంచి పనిలో చేరాను.

మేడమ్ నాన్న నాచారంలో ఫ్యాక్టరీ కార్మికుడు. ప్రతి ఆదివారం చర్చికి పోయే కుటుంబం. ఆమె పెళ్లి చేసుకోలేదు. అడిగితే "కణాలకు ఆదివారం సెలవుండదు, మొగుడికి తీరికెక్కడ తెస్త" అనేవారు. ఉప్పల్‌కు మెట్రో వచ్చినా ఆమె పాత స్కూటీ మీదే వచ్చేవారు. ఏసీ పడక మే నెలలో కూడా స్వెట్టర్ వేసుకునేవారు. పొద్దున్నే మైక్రోస్కోపు మీదికి వంగి "ఏం రా, మంచిగున్నరా?" అని కణాలను పలకరించేవారు. అవి మంచిగుంటే మమ్మల్ని తిట్టేవారు కాదు.

కణాలను సాకడం నా పని. సీసాల్లో రంగు నీళ్లలాంటి ఆహారంలో అవి పెరుగుతాయి. రెండు రోజులకోసారి ఆ ఆహారం మార్చాలి. గాలి శుభ్రం చేసే గాజు అర ఒకటి ఉంటుంది, అందులో చేతులు పెట్టి చేయాలి. మేడమ్ నియమం ఒకటే. ఒక జాతి కణాల పని అయ్యాక అర మొత్తం స్పిరిట్‌తో తుడవాలి, పావుగంట ఖాళీగా వదిలేయాలి, అప్పుడే రెండో జాతిని లోపల పెట్టాలి. ఏ జాతి ఆహారం సీసా ఆ జాతికే. ఒక్క కణం అటు నుంచి ఇటు పడినా చాలు, త్వరగా పెరిగేది నెమ్మదిగా పెరిగేదాన్ని వరిలో కలుపులా మింగేస్తుంది. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.

ఒక ఏడాది శివరాత్రి ముందు రోజు మా అమ్మను కీసరగుట్ట శివుడి గుడికి తీసుకుపోతానని మాటిచ్చాను. బస్సుల్లో కాలు పెట్టే సందుండదు, రాత్రికల్లా గుట్ట కింద ఉండాలని అమ్మ పొద్దటి నుంచి ఫోన్లు. నేను రెండు జాతుల సీసాలూ ఒకేసారి అరలో పెట్టాను. ఒకే ఆహారం సీసా వాడాను. కణాలకు తగిలిన గొట్టాన్నే మళ్లీ ఆ ఆహారంలో ముంచాను. ముంచుతూనే చూశాను. ఒక్క చుక్కకేమవుతుందిలే అనుకున్నాను.

ఆ తర్వాత మా ల్యాబులో పండగే పండగ. మేడమ్ ఎన్నో ఏళ్లుగా వెంటపడుతున్న మందు ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల మీద అద్భుతంగా పనిచేసింది. ఒక్క మందుతో కణాలన్నీ చచ్చాయి. పెద్ద జర్నల్లో వ్యాసం వచ్చింది. మేడమ్ అందరికీ సమోసాలు తెప్పించారు. ఆసుపత్రుల వాళ్లు రోగుల మీద ప్రయోగించే మాటలు మొదలుపెట్టారు.

ఏడాది తిరిగింది. రెండో వ్యాసం పంపితే, ఆ కణాలు మీరు చెబుతున్న కణాలేనని పరీక్ష చేయించి పంపండి అన్నారు జర్నల్ వాళ్లు. పరీక్ష వచ్చింది. కావు. సీసాల్లో ఉన్నవి వేరే జాతి. నేను ఆ రోజు పక్కన పెట్టిన రెండో సీసా జాతి.

మేడమ్ ఆ కాగితం చదివి, కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ చదివారు. మమ్మల్నందరినీ పిలిచి, "మొదటి వ్యాసం వాపస్ తీసుకుంటున్నం. దవాఖానాలకు ఈరోజే ఫోన్ చేస్త. రోగికి ఒక్క గోలి కూడ పోవద్దు" అన్నారు. ఎవరి వల్ల అయిందని అడగలేదు. ఎవరూ నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

తొమ్మిది రోజులు నోరు మెదపలేదు. ఉద్యోగం పోతే ఇల్లు గడవదని ఒక భయం. అంతకంటే పెద్ద భయం ఆమె ముఖం ఎలా మారుతుందోనని. పదో రోజు మధ్యాహ్నం ఆమె గదిలోకి పోయాను. టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని ఉన్నారు.

"మేడమ్, గా తప్పు నా చేతులనే అయింది" అన్నాను. అంతా చెప్పాను. చెప్తూనే ఏడ్చాను.

ఆమె స్పూను కింద పెట్టారు. "ఏ రోజు?"

"నేను కావాలని చెయ్యలే మేడమ్..."

"నేనడిగేది గా ముచ్చట కాదు. తప్పెవలదో నాకొద్దు బిడ్డా, ఏ రోజో చెప్పు."

"శివరాత్రి ముందు రోజు."

"ఏ శివరాత్రి? మొన్నటిదా, అంతకు ముందుదా?"

"అంతకు ముందుది."

ఆమె డబ్బా అలాగే వదిలేసి లేచారు. రిజిస్టర్ తీసి వేలు పెట్టి కిందికి చదువుతూ పోయారు. ఆ జనవరిలో, అంటే నా తప్పుకు నెల ముందు, అసలు కణాలు రెండు ట్యూబుల్లో నింపి గడ్డకట్టించి దాచి ఉన్నాయి. తారీఖుతో సహా. కొన్నాళ్లకు పరీక్షలో అవి అసలువేనని తేలింది. ఆ తర్వాత దాచినవన్నీ కల్తీ. ఏ రోజో తెలియకపోతే వేటిని నమ్మాలో తెలియక అన్నీ పారేసేవాళ్లం.

ఆ రోజు రిజిస్టర్ మూశాకే తిట్టారు. అంతకు ముందూ ఆ తర్వాతా అంత కోపం నేను చూడలేదు. "తొమ్మిది రోజులు కడుపుల పెట్టుకోని తిరిగినవ్! మొదటి రోజే చెప్తే ఇయ్యాల్టికి కణాలు పెరుగుతుండె. ఆ తొమ్మిది రోజులు నాకెవరిస్తరు?" తిట్టి తిట్టి అలసిపోయి, "తిన్నవా?" అన్నారు. లేదన్నాను. "ఏడ్సేదుంటే తర్వాత ఏడ్వు. చేతులు కడుక్కోని రా" అని డబ్బా మూతలో సగం అన్నం పెట్టారు. ఆ టమాటా పచ్చడి కారానికి నా ఏడుపు కలిసిపోయింది.

మళ్లీ మొదటి నుంచి చేశాం. నాలుగేళ్లు పట్టింది. ఈసారి అద్భుతమేమీ లేదు. మందు కొన్ని వారాలు పనిచేసేది, తర్వాత కణాలు మళ్లీ పెరిగేవి. మిగతా వాళ్లు నీరుగారిపోయారు. మేడమ్ మాత్రం అప్పటికి పనులు సాగుతున్న ఉప్పల్ ఫ్లైఓవర్ పిల్లర్ల వైపు కిటికీలోంచి చూపించారు. "మెయిన్ రోడ్డు బంద్ జేసిన్రు. బండ్లు ఆగినయా? గల్లీలకెల్లి పోతలేవా? కణాలు గట్లనే పోతున్నయ్. ఆ గల్లీ ఏందో ఎతకాలె." వెతికారు. రెండు దారులూ ఒకేసారి మూయడానికి రెండు మందులు కలిపి వాడాలని చూపించారు. దాన్ని పట్టుకుని వేరే ఊళ్లో వేరే వాళ్లు ముందుకు పోయారు. ఆమెకు అది చాలు. నాకే కొంచెం కడుపు మండింది.

ఒక్కటి మాత్రం నేను చేయలేకపోయాను. నేను ఒప్పుకున్నాక, మొదటి వ్యాసం వాపస్ తీసుకుంటూ ఆమె జర్నల్‌కు రాసిన ఉత్తరం చదవలేదు. ఇలాంటి చోట్ల "టెక్నీషియన్ పొరపాటు వల్ల" అని రాయడం మా లోకంలో మామూలే. నా విషయంలో అది నిజం కూడా. కంప్యూటర్లో రెండు మూడుసార్లు దాని దాకా పోయి మూసేశాను.

సమాధి అయిన వారానికి మేడమ్ చెల్లెలు పిలిచింది. కాగితాల్లో ఏవి ఉంచాలో ఏవి పారేయాలో తనకు తెలియదంది. నాచారం ఇంట్లో మంచం నిండా ఫైళ్లు పరిచి, ఒక చివర కూర్చుని ఉంది. నేను నిలబడే ఒక్కొక్కటీ తీసి చూస్తుంటే ఆ ఉత్తరం చేతికొచ్చింది. ఈసారి మూసేయడానికి లేదు. ఇంగ్లీషులో నాలుగే వాక్యాలు. "పొరపాటుకు బాధ్యత పూర్తిగా నాది. కణాలను ఎప్పటికప్పుడు పరీక్షించాల్సింది నేను. ఫలితం నాకు నచ్చింది కాబట్టి పరీక్షించలేదు. క్షమించండి." టెక్నీషియన్ అన్న మాటే లేదు.

"ఏమైంది బిడ్డా? ఏం రాసింది అండ్ల?" చెల్లెలు అడిగింది.

"తప్పు తనదేనని రాసిన్రు ఆంటీ."

ఆమె ముఖం వాడిపోయింది. "తప్పా? మా అక్క ఏం తప్పు జేసింది? నాకెన్నడు చెప్పలే."

ఎప్పటిదో పాత సంగతి అని కాగితం మడిచి పెట్టేయొచ్చు. ఆమెకు ఇంగ్లీషు రాదు. ఇంకెవరూ అడగరు. కానీ నేను ఊరుకుంటే, అక్క ఏదో తప్పు చేసి దాచిందని ఆమె మిగిలిన రోజులన్నీ అనుకుంటుంది.

"మీ అక్క జెయ్యలే ఆంటీ. నేను జేసిన. శివరాత్రి ముందు రోజు" అని మొదలుపెట్టాను. ఒక్క ముక్క దాచకుండా చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది.

"నిలవడి చెప్తవేందే అంతసేపు" అంది. మంచం మీది ఫైళ్లు ఒళ్లోకి తీసుకుని, కొంచెం జరిగి, పక్కన నాకు చోటు చేసింది.