ఊఁ కొట్టేవాడు లేని కథ

ముందే చెబుతున్నాను, నేను కోతలు కోస్తాను. దోహాలోని నజ్మా పేటలో మా పక్క గది ఒగ్గుకథ పెద్దాయన గొంతెత్తితే ఊళ్లో టవర్ల అద్దాలు బీటలు వారేవని రాస్తాను. సగం తగ్గించుకుని చదవండి.

జగిత్యాల వైపు మనిషి. కంపెనీలో స్కాఫోల్డింగ్ కట్టే డ్యూటీ. ఒగ్గుకథలో వంతగాడు మాటమాటకూ ఊఁ కొట్టాలి, లేకపోతే కథ కదలదు. ఆ అలవాటు ఆయనకు ఎంత ముదిరిందంటే, మామూలు మాటల్లోనూ వాక్యానికోసారి ఆగి మన మొహం చూసేవాడు. "సారూ, కూర మాడుతుంది..." అని ఆగేవాడు. నేను ఊఁ అనేలోపు కూర బొగ్గయ్యేది, వీధిలో ఒంటెలు తుమ్మేవి.

కొత్త కళాబృందాలకు ఒక తెలుగు సంఘం చిన్న సాయం ఇస్తోందని తెలిసి ఆయన్ని వాళ్ల హాలుకు తీసుకెళ్లాను. అది వస్తే డోలు కొనుక్కుని, ఇక్కడి జనం ముందు మొదటిసారి సొంతంగా కథ చెప్పాలని ఆయన ఆశ.

"బృందానికే ఇస్తామండి. మీ వంతగాడేడి?" అన్నారు సంఘం పెద్దలు.

"మా తమ్ముడు సార్. ఊర్ల ఉన్నడు. ఫోన్ల ఊఁ కొడ్తడు."

ఫోను బల్ల మీద పెట్టి తమ్ముడికి కలిపాడు. గొంతెత్తి, "కురుమోళ్ల ఇంట్ల గొర్రెపిల్ల పుట్టెనయ్యా..." అని ఆగాడు. లైను తెగిపోయింది. ఆయన మాత్రం మా అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూస్తూ ఆగే ఉన్నాడు. అప్పుడు హాలు హాలంతా ఒక్క గొంతుతో ఊఁ అంది. సాయం ఆయనకే ఇచ్చారు.

అద్దాల సంగతి సగమైనా నిజం. ఒంటెల్ని వదిలేయండి. నేను పూర్తిగా కల్పించింది ఆ ఊఁ, దాని వెనకొచ్చిన సాయం. గొర్రెపిల్ల పుట్టిన చోటే ఆయన కథ ఆగిపోయింది.