నేను వద్దన్న పరీక్ష

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో వందనాలు. రెండేళ్ల క్రితం మా మనవడు పుట్టిన మూడో రోజునే పోయినప్పుడు నేను ఇదే మందిరంలో నిలబడి "దేవుని చిత్తం" అన్నాను, మీరంతా నా విశ్వాసాన్ని మెచ్చుకున్నారు. ఆ రోజు నేను చెప్పింది అబద్ధం.

మా కోడలు సునీత తల్లి లేని పిల్ల, అందుకే పురుడు మా ఇంట్లోనే అనుకున్నాం. తొమ్మిదో నెలలో చీపురుపల్లిలో డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. తల్లికి ఏ బాధా పెట్టకుండా ఒంట్లో ఒక క్రిమి ఉండొచ్చని, కాన్పులో అది బిడ్డకు అంటితే ప్రాణానికే ముప్పని, దూదిపుల్లతో పరీక్ష చేసి ఉందని తేలితే నొప్పుల సమయంలో ఇంజక్షన్లు ఇస్తామని ఆవిడ ఓపికగా చెప్పింది. ఎక్కడ పరీక్ష చేస్తారో వినగానే నాకు ఒళ్లు మండింది.

"అక్కడ పుల్ల ఎట్టడమేటి? నలుగుర్ని కన్నాను, నాకెవులు సేసేరు ఈ పరీక్ష? మాకు దేముడున్నాడు, అక్కర్నేదు" అన్నాను. సునీత నా ముఖం చూసి తల దించుకుంది. స్త్రీల కూటానికి పెద్దనని నాకంత గర్వం.

బిడ్డ పుట్టిన మర్నాటికే పాలు తాగడం మానేశాడు, మూలుగు, ఎగఊపిరి, పెద్దాసుపత్రిలో అద్దాల పెట్టెలో పెట్టినా దక్కలేదు, అదే క్రిమి రక్తంలోకి పాకిందన్నారు. సునీత నన్ను ఒక్క మాట అనలేదు గానీ మందిరానికి రావడం మానేసింది. ఆ పిల్లకు విశ్వాసం తక్కువని మీరన్నారు, నేను అవునన్నాను.

మళ్లీ ఆమె నెల తప్పాక నాకు కూడు సయించలేదు. "తండ్రీ, నా తప్పు నీ మీదకి తోసీసేను, నన్నేటి సేసినా సెయ్యి, ఆ పిల్ల కడుపు కాపాడు" అని ఏడ్చాను. ఒకరోజు వంటింట్లో ఆమె కాళ్లు పట్టుకున్నాను. సునీత నా చేతులు విడిపించుకుంది.

"నాకు సెప్తే ఏటి లాభం అత్తా? నన్నన్నోల్లు మందిరంలో ఉన్నారు. అక్కడ సెప్పు" అంది.

మొదటి బిడ్డకు అలా అయింది కాబట్టి ఈసారి పరీక్షతో పని లేకుండానే ఇంజక్షన్లు తప్పవని డాక్టరమ్మ ముందే రాసింది, నొప్పులు మొదలవగానే ఆసుపత్రికి వెళ్లాం, ఇంజక్షన్లు పడ్డాయి. పాప బతికింది, పాలు తాగుతోంది. దేవునికే మహిమ, అవమానం నాది.

అమ్మలారా, ప్రార్థన చేయండి, డాక్టరు రాసిన పరీక్షా చేయించుకోండి, అది అవిశ్వాసం కాదు. తప్పు దాచుకుని కుమిలేవారు ఆయన దగ్గరికి రండి, నాలాంటిదాన్నే ఆయన తోసివేయలేదు. సునీత పాపను ఎత్తుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. నేను పిలిస్తే రాదు. మీరెవరైనా వెళ్లి లోపలికి తీసుకురండి.