ఆఖరి నాలుగు పేజీలు

1988. సిద్దిపేట బస్టాండు పక్క సందులో నాది కిరాయి పుస్తకాల షాపు. రెండు బీరువాలు, ఒక స్టూలు. నోరు మాత్రం పెద్దది. పుస్తకం తీసుకునేవాళ్లకు సగం కథ నేనే చెప్పేసేవాణ్ణి.

మా పనిలో ‘సీరియల్ బైండు’ అని ఉండేది. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి, వరుసగా కుట్టి, అట్ట వేయించిన పుస్తకం అన్నమాట. మధ్యలో పేజీ పోతే ‘కాపీ పేజీ’ పెట్టేవాళ్లం. ఎవరి దగ్గరైనా పత్రిక అడిగి తెచ్చి, తెల్లకాగితం మీద చేత్తో రాసి అతికించడం. చేతిరాత కనబడినా ఎవరూ అనుమానపడేవారు కాదు.

ఆ ఏడాది నా గిరాకీలంతా ఒకే సీరియల్ మీద పడ్డారు. అందులో ఒకావిడ మూడు పేర్లతో ముగ్గురిని పెళ్లి చేసుకుని, నగలతో ఉడాయిస్తుంది. చివరికి తనను పట్టుకోవడానికి వచ్చిన ఇన్‌స్పెక్టర్‌నే నిజంగా ప్రేమిస్తుంది. అతను బేడీలు వేస్తాడా, వదిలేస్తాడా? సరిగ్గా ఆ ఆఖరి భాగం వచ్చిన పత్రికే నాకు దొరకలేదు. ఏజెంటు దగ్గర అయిపోయింది. ఎంతమందిని అడిగినా లేదన్నారు. ఇక్కడేమో గిరాకీలు పీకల మీద కూర్చున్నారు. నాకు తిక్క పుట్టి నాలుగు పేజీలు నేనే రాసేశాను. ఆమెను లోయలోకి తోసేసి పీడ వదిలించాను. చదివినవాళ్లంతా భలే ఉందంటుంటే ఉబ్బిపోయాను.

నెల తర్వాత బట్టల దుకాణంలో పనిచేసే రఘురాములు, అతని భార్య లలిత వచ్చారు. ఇద్దరి మొహాలూ మాడిపోయి ఉన్నాయి.

“అన్నా, నువ్వే చెప్పు,” అన్నాడు రఘురాములు. “ఆమె లోయల పడి సచ్చిందా లేదా? నీ పుస్తకంల నేను సదివిన. ఈమేమో, ఆమె లొంగిపోయింది, ఇన్‌స్పెక్టర్ ఎదురుచూస్త అన్నడు అంటది. గజ్వేల్ల వాళ్ల తల్లిగారింట్ల పత్రికల సదివిందట. పత్రిక ఏదే అంటే లేదంటది.”

“సదివిందే చెప్పిన,” అంది లలిత. కళ్లల్లో నీళ్లు. “సుట్టాలందరి ముంగట నన్ను అబద్ధాలకోరు అన్నడు అన్నా. గా కథల ఆమె లెక్కనే ఉన్నవ్ అన్నడు. ఎనిమిది దినాలాయె, నేను మాట్లాడుతలేను. ఇయ్యాల తేలకుంటే గజ్వేల్ బస్సెక్కుత.”

షాపులో ఉన్నవాళ్లు ఊరుకుంటారా?

“అసొంటిదానికి సావే సరి,” అంది ఒక టీచరమ్మ.

“అరే, మనసు మారినంక సంపుడేంది టీచరమ్మా?” అన్నాడు ఎదురు షాపు టైలర్ ఖాజా భాయ్.

ఇద్దరూ గొంతులు పెంచారు. నేను మాత్రం చెమటలు కక్కుతున్నాను. పుస్తకంలో ఉన్నదే నిజమని తలూపితే నా షాపు పరువు నిలబడుతుంది. లలిత బస్సెక్కుతుంది. నిజం చెబితే నా కాపీ పేజీలను ఇంకెవరు నమ్ముతారు? ఆమె మొహం చూశాక తలూపడం నా వల్ల కాలేదు.

“చెల్లె చెప్పిందే నమ్మున్రి,” అన్నాను. “ఆ ముగింపు నేనసలు సదవనే లేదు. గా నాలుగు పేజీలు నేనే రాసిన.”

లలిత కళ్లు తుడుచుకుని ఫక్కున నవ్వింది.

“ఇంతమందిని మోసం జేసినవ్. మరి నిన్ను ఏ లోయల తోయాలె అన్నా?”

షాపంతా గొల్లుమంది. రఘురాములు తల దించుకుని, “తప్పైంది లలితా,” అని గొణిగాడు.

“గట్టిగ అను. టీచరమ్మకు వినబడలే.”

గట్టిగానే అన్నాడు. ఆ రోజే నాలుగు పేజీలూ చింపేసి, ‘ఆఖరి భాగం లేదు’ అని అట్ట మీద రాశాను. ఆ తర్వాత షాపు ఎత్తేసేదాకా, లేని పేజీని లేదనే చెప్పాను. నేనేదో సరదాకి రాసుకున్నాను. ఆ మనిషి మాత్రం కట్టుకున్నదాని మాట కంటే నా చేతిరాతను నమ్మాడు. అంత నమ్మకం నా చేతిలో ఉందని అప్పటిదాకా నాకు తెలియనే తెలియదు. కథలో ఆమెను లోయలోకి తోసినందుకు నాకిప్పటికీ బాధ లేదు. లలితను ఏడిపించినందుకు మాత్రం ఉంది.