ఎండ తినడానికొచ్చిన అక్క

అరకులో ఎండ తిని బతకాలనుకోవడం మా అక్కకే చెల్లింది. కార్తీకం వచ్చిందంటే ఇక్కడ తొమ్మిదింటి దాకా మంచు కదలదు. నేను బడికి వెళ్ళేటప్పుడు ఎదురొచ్చే జీపులు లైట్లు వేసుకునే వస్తాయి. అలాంటి ఊరికి, కింద చక్కగా కాసే ఎండలన్నీ వదిలేసి, ఎస్.కోటలో కిరండోల్ రైలెక్కి వచ్చింది. కొండమీద సూర్యుడు స్వచ్ఛంగా ఉంటాడని, ఫోన్లో వీడియోలు పెట్టే ఒక గురువుగారు చెప్పారట.

ఆయన లెక్కన ఇరవై ఒక్క రోజులు నీళ్ళు తప్ప ఏమీ ముట్టకుండా పొద్దుటి ఎండకి ఎదురుగా కూచుని గాలి పీల్చుకుంటే, ఒళ్ళు తనకి కావలసిన శక్తి తనే తయారుచేసుకుంటుంది. ఆ తర్వాత జన్మలో తిండితో పని లేదు. ఆ వీడియో నాకూ చూపించింది. ఆయన బుగ్గలు చూస్తే ఎండ బాగానే ఒంటబట్టినట్టుంది.

నేను ఇక్కడి బడిలో సైన్సు చెప్తాను. ఆకు ఎండతో ఆహారం ఎలా తయారుచేసుకుంటుందో ఏడో తరగతికి ఏటా చెప్పే పాఠమే. అదే అక్కకీ చెప్పాను, వెటకారంగా. ముందు పచ్చబడు, తర్వాత ఎండ తిందువుగాని అన్నాను. అక్క నవ్వి ఊరుకుంది. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది, చిన్నప్పుడు నాకు జడలు వేసి బడికి పంపిన మనిషి. నా నోటికి ఎప్పుడూ అలా నవ్వే ఊరుకుంటుంది. నేనేమో అది మొండితనం అనుకుని ఇంకో రెండు అంటించాను.

వచ్చిన మర్నాటి నుంచే ఆరింటికి శాలువా కప్పుకుని పెరటి గట్టు మీద తూర్పుకి తిరిగి కూచునేది. ఎదురుగా తెల్లటి మంచు తప్ప ఏమీ ఉండేది కాదు. మంచు వీడని రోజున, ఇవాళ నీకు టిఫిను కూడా లేదన్నమాట అంటూ ఆమె ముందే నిలబడి ఉప్మా తిన్నాను. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నేనుండే ఇల్లు ఒక గిరిజన రైతు కుటుంబానిది. ముందు రెండు గదులు నావి, వెనక వాళ్ళుంటారు. ఇంటామెకి అరవై దాటాయి. కాఫీ తోటకి వెళ్తూ రోజూ అక్కని చూసేది. మూడో రోజు నన్ను పక్కకి పిలిచింది.

"ఏటి టీచరమ్మా, మీ అప్ప ఏటి తప్పు సేసింది? కూడు మానీమన్నారా?"

ఎవరూ మానమనలేదు, తనే మానేసిందని చెప్పాను. ఆమెకి అర్థం కాలేదు. ఆమె చిన్నప్పుడు వానలకి ఇంట్లో గింజ ఉండేది కాదట. దాచుకున్న మామిడి టెంకలు దంచి, ఆ పిండితో జావ కాచుకుని తాగేవాళ్ళట. అలాంటి ఒక వానాకాలంలోనే తన చెల్లెలు పోయిందట. ఆ మాట చెప్పి బుట్ట ఎత్తుకుని తోటకి వెళ్ళిపోయింది.

ఆరో రోజు పొద్దున్న అక్క గట్టు మీద ఒరిగిపోయింది. ఆమెకి పదేళ్ళుగా షుగర్. అన్నంతో పాటు మాత్ర కూడా మానేసిందనుకున్నాను. మానలేదు. డాక్టరు చెప్పిన మాత్ర డాక్టరు చెప్పినట్టు వేసుకుంటూ, గురువు చెప్పిన పస్తు గురువు చెప్పినట్టు ఉంది. ఎవరి మాటా కాదనలేని మనిషి. తిండి లేకుండా ఆ మాత్ర వేసుకుంటే షుగర్ పడిపోతుంది. సైన్సు పాఠాలు చెప్పే నాకు ఆ ఒక్క సంగతి అడగాలని తోచలేదు.

ఒళ్ళంతా చెమట, చేతులు వణుకుతున్నాయి. నేనెవరో తెలియనట్టు చూస్తోంది. ఇంటామె పరుగున బెల్లం నీళ్ళు తెచ్చింది. మింగగలుగుతోందని చూసుకుని గుక్కగుక్కగా పట్టాం. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తే, ఇన్నాళ్ళూ నువ్వేం చేస్తున్నావని నర్సు నన్ను తిట్టింది. నేను తిట్లు తినవలసిందే.

మర్నాడు ఇంటికి తెచ్చాక, వేళకి తినకపోతే మళ్ళీ అదే గతి అని డాక్టరు చెప్పిన మాట గుర్తుచేసి జావ ఇచ్చాను. రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేసింది. మళ్ళీ మొదలా అని అరవబోయి, ఎందుకో ఆగి పక్కన కూచున్నాను. ఎందుకు తినాలనిపించడం లేదని మెల్లిగా అడిగాను. అన్ని రోజుల్లో ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"మీ బావ పోయాక కంచం ముందు కూచుంటే ముద్ద దిగట్లేదే. ఒక్కదానికే వండుకోడం, ఒక్కదాన్నే కూచుని తినడం. ఇక తినక్కర్లేదని ఎవరో చెప్తే పేణం తేలికపడింది," అంది.

ఆ గురువు మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆయన అబద్ధం చెప్పాడు, ఆ అబద్ధానికి మా అక్క పోవలసింది. కానీ ఆ అబద్ధం అక్క చెవికి ఎందుకంత హాయిగా వినిపించిందో నేను ఆలోచించలేదు. బావ పోయిన ఏడాదిన్నరగా ఫోను చేసినప్పుడల్లా తిన్నావా అని అడిగేదాన్ని. తిన్నాననేది. సరే అని పెట్టేసేదాన్ని.

రెండు రోజులకి వెనకింట్లో సామలకి కొత్త పెట్టారు, అంటే కొత్త గింజల పండగ. పంట ఇంటికొచ్చినా, దేవతకీ పోయినవాళ్ళకీ పెట్టేదాకా వాళ్ళు కొత్త గింజ నోట వేసుకోరు. పెట్టాక మాత్రం ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళంతా తినాలి. ఏటా నాకూ వాటా వస్తుంది. ఆ మధ్యాహ్నం ఇంటామె అడ్డాకు డొప్పలు రెండు తెచ్చింది, వేడివేడి సామన్నం, పప్పు. అక్క చేతులు జోడించి, నాకు వద్దమ్మా, చెల్లి తింటుంది అంది.

ఇంటామె వెళ్ళలేదు. గుమ్మం దగ్గరే కూచుంది.

"ముందు పోయినోల్లకి ఎడతామమ్మా. తరవాత ఉన్నోల్లు తినాల. ఉన్నోల్లు తినకపోతే పోయినోల్లు ముట్టరు. మా సెల్లి అలా సూత్తా కూకుంటాది."

అక్క డొప్ప దగ్గరికి లాక్కుంది. తర్వాత నన్ను ఇంకో ఆకు ఉందా అని అడిగింది. తెచ్చిచ్చాను. దాని మీద ఒక ముద్ద తీసిపెట్టి తన పక్కకి జరుపుకుంది. ఎవరికని మేమిద్దరం అడగలేదు. అప్పుడు తను తినడం మొదలుపెట్టింది. నేనూ నా డొప్ప తీసుకుని ఎదురుగా కూచున్నాను.

సగం తిన్నాక తలెత్తింది. "మీ బావైతే ఈపాటికి ఉప్పు తగ్గిందనేవోరు," అంది.

లేచి ఉప్పు డబ్బా తెచ్చాను. పక్కనున్న ముద్ద మీద ఒక చిటికెడు, తన డొప్పలో ఒక చిటికెడు వేసుకుని, అడుగున మెతుకు లేకుండా తినేసింది.