ఎవరి దగ్గు

నా బిడ్డకు టీబీ అన్న మాట నాకు మొదట తెచ్చింది మా తోడికోడలు. నేను వసారాలో శెనక్కాయలు వలుస్తున్నాను. ఆమె పావగడ ఆసుపత్రి నుంచి నా మూడేళ్ళ కూతుర్ని చంకనేసుకుని వచ్చింది.

"అక్కా, మెడకాడ ఉండేది టీబీ గడ్డంట. మొన్న పరీక్షకని చేతికి సూదేసినారు కదా, ఆడ ఇంత లావు వాచిండాది. రేపు నిన్నూ తోడుకోని రమ్మన్నారు."

భయం కంటే ముందు నాకు కడుపు మండింది. నా బిడ్డ సంగతి ఆమె నోట వినాలా! కానీ పిల్ల ఆమె చంక దిగదు. మాది కర్ణాటక, ఆసుపత్రి చీటీ కన్నడంలో ఉంటుంది. ఆమె కన్నడ బడిలో చదివింది, నేను మా నాయన దగ్గర ఇంట్లోనే తెలుగక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఆమెకు పిల్లలు లేరు. నాకున్న ఒక్కదాన్నీ లాక్కుందని నాగలమడిక గుడిలో స్వామి ముందు కూడా ఏడ్చాను.

మర్నాడు డాక్టరు అడిగాడు: "పసిపిల్లలకు ఇది పెద్దోళ్ళ దగ్గు నుంచే వస్తాదమ్మా. ఇంట్లో ఎవరు దగ్గుతారు?"

కాయల దుమ్ముకు మా ఇంట్లో దగ్గనివాళ్ళు లేరు. నేనే రెండు నెలలుగా దగ్గుతున్నాను. అయినా, "మా చెల్లెలు సార్. పొద్దస్తమానం బిడ్డను ఎత్తుకోనుండేది ఆయమ్మే" అన్నాను. పిల్లను ఆమెకు దూరంగా ఉంచమని ఆయన అనాలి, అదీ నా ఆశ.

ఆమె నన్ను చూసి నవ్వింది. "దగ్గితే పడే నా కళ్ళె చూడండి సార్. మా అక్కదీ చూడండి. మా ఇద్దరి నడాన ఒగ గోడే, ఆయమ్మ దగ్గుకు నాకు నిద్దర ల్యాదు."

కసి తీర్చుకుందనుకున్నాను. పరీక్షలో ఆమె కళ్ళెలో ఏమీ లేదు. జబ్బు నాలో ఉంది. నా బిడ్డకు నేనే ఇచ్చాను.

మందు పట్టేదాకా పిల్లను పక్కలో వేసుకోవద్దన్నారు. రోజూ పొద్దున్నే పరగడుపున ఆమె మాత్ర నూరి, బెల్లంలో కలిపి వేలితో నాకించేది. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గడప అవతల నుంచి చూసేదాన్ని. పిల్ల ఆ వేలు చీకుతుంటే నాకు ఒళ్ళంతా కారం పూసినట్టుండేది. ఉచ్చ ఎర్రగా పోసిందని నేను కేక పెడితే, "మందు రంగులే అక్కా! నీది చూసుకోపో!" అని ఎగతాళి చేసేది. నా మాత్రలూ ఆమే తెచ్చిచ్చేది. ఒక్క పూటా తప్పనివ్వలేదు.

నెలలు గడిచి గడ్డ కరిగింది. పిల్ల ఒళ్ళు చేసింది. నేనూ బతికాను. స్వామి దయ. ఆ రోజు ఆమె పేరు ఎందుకు చెప్పానో ఆమెకు చెప్పి క్షమించమనలేదు. ఇప్పుడు చెబుదామంటే ఆమె లేదు.

నా కూతురు ఈనాటికీ ఏ నొప్పి వచ్చినా "చిన్నమ్మా" అనే అంటుంది. విన్న ప్రతిసారీ నాకు చురుక్కుమంటుంది. దాచను. చదివేవాళ్ళకు నాదొక్కటే మనవి. మీరు దీపం పెట్టేటప్పుడు ఆమెను ఒక్కసారి తలుచుకోండి. కడుపున పుట్టినవాళ్ళు ఆమెకు ఎవరూ లేరు.